చెక్క మీద కుడి, కాగితం మీద ఎడమ

వెనిస్ నగరంలో అచ్చుయంత్రం కాలు మోపి రెండు తరాలు గడిచిన రోజులవి. అంజొలో షావుకారు పుస్తకాల దుకాణంలో ఒక గోడ నిండా నగర పటం ఒకటి అతికించి ఉండేది. దాని ముందు నిలబడ్డ ప్రతివాడూ మొదట పెద్ద చర్చి గుమ్మటాలను మెచ్చుకొనేవాడు, తరువాత రేవులోని ఓడలను మెచ్చుకొనేవాడు, మెచ్చుకోవలసినవన్నీ మర్యాదకు మెచ్చుకొని, చివరికి ఎవరూ చూడడం లేదనుకొన్నప్పుడు మెడ వంచి, కళ్ళు చిట్లించి, తన పేట వైపు మెల్లగా వేలు పాకించేవాడు. వేలు ఆగిన చోట ముఖం విచ్చుకొనేది. గోరంత ఇల్లు, మూడు కిటికీలు, ఒక పొగగొట్టం. 'ఉన్నాం!' అని ఆ ముఖం అనేది. ఊరంటే వాళ్ళకు ప్రాణమే, కాదనలేం. అయితే ఆ ప్రాణం ఉండే చోటు మాత్రం ఎవరి ఇంటి కప్పు కింద వారిది.

ఆకాశాన ఎగిరే పక్షి కంటికి ఊరు ఎట్లా ఆనుతుందో అట్లా గీసిన పటం అది. అందుకే దానిని విహంగ దృష్టి అన్నారు. విహంగము యొక్క దృష్టి, షష్ఠీ తత్పురుషం. సమాసం నిర్దుష్టంగా ఉంది, లేనిదల్లా విహంగమే. చిత్రకారులు ఒక్కొక్క గంటగోపురమెక్కి, అక్కడినుంచి కనిపించినంత మేర గీసుకొని, కిందికి దిగి, ఆ పేలికలన్నిటినీ బొంత కుట్టినట్లు కలిపి కుట్టారు. అట్లా కుట్టిన ఊరిని ఏ పక్షీ ఎన్నడూ చూడలేదు. చూడనిదానిని చూసినట్లు నమ్మించడమే ఆ పటం గొప్ప. ఇక ఆ నమ్మకాన్ని చెక్కలోకి దించినవాడు వెత్తోరె.

వెత్తోరెది పుట్టుకతోనే పుర్రచేతివాటం. ఎడమచేత్తో గరిటె పట్టుకొంటే ఇంట్లో కలిసిరాదని తల్లి ఆ చేతిని చాలాకాలం గుడ్డతో కట్టి ఉంచింది. కాని చెక్క చెక్కేవాళ్ళ వీధిలో అదే చేయి అన్నం పెట్టింది. అక్కడ అంతా తిరగేసిన విద్య. బేరి చెక్క మీద గీత నిలవాలి, దాని చుట్టూ ఉన్న చెక్క లేచిపోవాలి. నిలిచిన గీతకు సిరా అంటుతుంది, లేచిపోయిన చోటు తెల్లగా మిగులుతుంది. చెక్క మీద కుడివైపున ఉన్నది కాగితం మీద ఎడమకు పోతుంది, ఎడమనున్నది కుడికి వస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఈ లెక్క ప్రతిసారీ వేళ్ళమీద కట్టుకొని, అయినా తప్పుతారు. వెత్తోరెకు లెక్క అక్కరలేదు. అద్దంలోని ఊరే అతనికి అసలు ఊరు. ఆరు పెద్ద చెక్కలలో వెనిస్‌ను తలకిందులుగా కాదు గాని పక్కకిందులుగా చెక్కి, ఒక్క వీధిని కూడా తప్పుదారి పట్టించలేదని దుకాణంలో పేరు తెచ్చుకొన్నాడు. ('పక్కకిందులు' అన్న మాట నిఘంటువులో వెతకకండి, దొరకదు. ఉండవలసిన మాట, లేదు.)

అతనికి ఒక అన్న, మెనేగో. నౌకా నిర్మాణశాలలో ఓడ పలకల సందుల్లో నార కుక్కి, నీళ్ళు చొరకుండా తారులాంటి కీలు పూసే పని. ఎక్కడికి పోయినా కీలు వాసన ముందు పోయి, మనిషి వెనకాల వెళ్ళేవాడు. తమ్ముడి పని చూడడానికి వచ్చినప్పుడల్లా చెక్క మీద వంగి నవ్వేవాడు.

"ఒరే, ఈ ఊరేదో నాకు నచ్చిందిరా. మామూలు ఊళ్ళో తాగి బయలుదేరితే రోజూ దారి తప్పుతున్నాను. నీ ఊళ్ళో అయితే తప్పిన దారే ఇంటికి చేరుస్తుంది."

"నీకు చేర్చేది దారి కాదన్నా, నేను."

"అదీ నిజమే. అయితే మనిల్లు బాగా చెక్కు. పక్కనున్న కతరూసా ఇంటికన్నా ఒక వెంట్రుకవాసి ఎత్తుగా చెక్కు."

"ఉన్నదున్నట్టే చెక్కుతాను."

"నువ్వు పెద్ద హరిశ్చంద్రుడివి పోరా!" అన్నట్లే ఏదో ఆ ఊరి మాట అనేసి వెళ్ళేవాడు.

ఉన్నది ఉన్నట్లే చెక్కాడు. ఆ ఇల్లున్నది తూర్పు కొసన తాళ్ళ కాలువ ఒడ్డున. రేవు వైపునుంచి వచ్చి (పటం గీసిందీ అటునుంచి చూసినట్లే) వంతెన దిగగానే రెండు ఇళ్ళు. కుడిచేతి వైపున్నది వెత్తోరె వాళ్ళది, అన్నదమ్ములు పుట్టిందీ, తల్లి పోయిందీ అందులోనే. ఎడమచేతి వైపున్నది కతరూసాది. ఆమె మంత్రసాని, ఆ అన్నదమ్ములిద్దరినీ భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవే. రెండిళ్ళ వెనక చిన్న చర్చి. రెండు ఇళ్ళూ కవలపిల్లల్లా ఒకే తీరు.

తరువాత మెనేగో ఇల్లు పోయింది. మన మాటల్లో 'ఇల్లు పోయింది' అన్న వాక్యం ఎంత సుఖమైనదో చూడండి. అకర్మక క్రియ, ఎవరు పోగొట్టారో చెప్పనక్కరలేదు. ఆ ఊళ్ళోనూ అందరూ అట్లాగే అన్నారు. జరిగింది మాత్రం సకర్మకమే. మెనేగో ఒక సారాయి దుకాణంలో ఒక పరదేశి ముందు కొత్త ఓడల కొలతలు, అవి నీళ్ళలోకి దిగే వేళలు వాగాడు. డబ్బు పుచ్చుకొని చెప్పాడని కొందరు, మత్తులో గొప్పలు పోయాడని కొందరు. అతని నోరు తెలిసిన వెత్తోరెకు కూడా ఈ రెంటిలో ఏది నిజమో తేలలేదు, అదే అతనికి అన్నిటికన్నా చేదు. నిర్దోషి అని తెలిస్తే ఏడ్చేవాడు, దోషి అని తెలిస్తే తిట్టేవాడు. ఏడవడానికీ తిట్టడానికీ నడుమ ఇరుక్కుపోయాడు. న్యాయపీఠం వారికి అటువంటి ఇరుకు లేదు. మెనేగోను బతికినన్నాళ్ళూ తిరిగి రాకుండా వెళ్ళగొట్టారు, ఇల్లు నేలమట్టం చేయించారు. ఆ స్థలంలో ఇంకెవరూ ఇటుక మీద ఇటుక పెట్టరాదని ఒక రాయి పాతించారు. 'ద్రోహి ఇల్లు ఇక్కడ ఉండేది' అని దానిమీద చెక్కించారు.

ఆ ఏడే ఒక ఓడ శత్రువుల చేత చిక్కి తిరిగి రాలేదు. దానిలో తెడ్డు వేసేవాళ్ళలో కతరూసా ఒక్కగానొక్క కొడుకు తాదియో ఉన్నాడు. మెనేగో వాగుడుకూ ఆ ఓడకూ సంబంధం ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు. కొడుకు పోయిన తల్లికి సాక్ష్యం అక్కరలేదు, కారణం కావాలి. పక్కింట్లో కారణం దొరికింది. ఇల్లు పడగొట్టిన రోజున జనంలో నిలబడ్డ వెత్తోరెను చూసి ఆమె కిటికీ తలుపు వేసుకొంది. అప్పటినుంచి అతనితో మాట లేదు. అతడు ఊరి అవతలి వైపు ఒక గది చూసుకొన్నాడు.

కొంతకాలానికి ఒక పొద్దున అంజొలో షావుకారు అతనిని లోపలికి పిలిచాడు. షావుకారు వయసులో చిన్నవాడు, తండ్రి పోయాక దుకాణం అందుకొన్నవాడు. భయం కూడా ఆ ఆస్తితోనే అందుకొన్నాడు.

"నిన్న పాలక సభ వైపునుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు వెత్తోరె. పటం చూశాడు. ఏమీ అనలేదు."

"అనకపోతే మంచిదే కదండీ."

"అంటే మంచిది. అనకపోతేనే ఒళ్ళు చల్లబడుతుంది. తాళ్ళ కాలువ దగ్గర వేలు పెట్టి, నా మొహంలోకి చూసి, వేలు తీసి వెళ్ళిపోయాడు. పడగొట్టమన్న ఇల్లు నా గోడమీద నిలబడి ఉందయ్యా! నిలబడి ఉండడమే కాదు, దాన్ని నేను అమ్ముకుంటున్నాను!"

"కాలిపోయిన ఉప్పు గిడ్డంగి కూడా పటంలో ఇంకా ఉందండి. దాన్ని తీయలేదు కదా."

"గిడ్డంగి ఓడల సంగతి ఎవరికీ చెప్పలేదు."

"షావుకారుగారూ, ఈ ఒక్కటీ వేరేవాళ్ళ చేత చేయించండి."

"చేయించవచ్చు. రేపు ఎవరైనా, నీ పనివాడే ఉండగా వేరేవాడెందుకు చెక్కాడూ అని అడుగుతారు. అన్నమీద మమకారం అండీ అని చెప్పనా? నీకు తిండి కావాలి, నాకు మెడ కావాలి. పోయి పని చూడు."

ఇంటిని తీయడం కష్టమేమీ కాదు. గోడల గీతలు, కప్పు గీతలు, కిటికీల చుక్కలు కత్తితో చెక్కి కిందికి దించేస్తే చాలు, అక్కడ సిరా అంటదు, కాగితం మీద తెల్లటి ఖాళీ పడుతుంది. కిటికీ పక్కన వెలుగులో చెక్క పెట్టుకొని కూర్చొన్నాడు. అంతవరకు ఆ ఇల్లు అతనికి కొన్ని గీతలు మాత్రమే, ఎందుకంటే పని చేసేటప్పుడు అతడు ఎన్నడూ ఆ ఊళ్ళోకి దిగలేదు, పైనే ఉన్నాడు. ఆ పొద్దున మాత్రం, ఇదే చివరిసారి కదా, ఒక్కసారి ఇంటికి పోయి వద్దామనిపించింది. పోయాడు. రేవు దిగాడు. తాళ్ళు పేనేవాళ్ళ కేకలు విన్నాడు. వంతెన మెట్లెక్కుతుంటే ఎవరింట్లోనో ఉల్లిపాయలతో చేపలు వేగుతున్న వాసన తగిలింది. వంతెన దిగాడు. చిన్నప్పటినుంచి తిరిగినట్లే కుడిచేతి వైపు తిరిగాడు, తలుపు నెట్టాడు. నెట్టిన చోట కత్తి దింపాడు.

చెక్కేవాడు ఊరిని చూస్తాడు. ఇంటికి పోయేవాడు ఊళ్ళో నడుస్తాడు. జీవితంలో మొదటిసారి వెత్తోరె చెక్క మీద నడిచాడు. కళ్ళు నీళ్ళతో మసకబారి ఉన్నాయి. ఇళ్ళు రెండూ కవలలు. చెక్క మీద వంతెనకు కుడివైపున ఉన్నది కతరూసా ఇల్లు.

అచ్చు లాగే బియాజో, దుకాణంలో అందరికన్నా పాతవాడు, చెక్క అందుకొని బొటనవేలితో గీకిన చోటు తడిమి చూశాడు.

"తీసేశావా?"

"తీసేశాను."

"గుండె రాయి చేసుకున్నావురా అబ్బాయ్. నేనైతే చెక్కతోపాటు వేలు కూడా చెక్కుకునేవాణ్ణి."

తోలు బంతితో సిరా పూసి, కాగితం పరచి, మర బిగించి వదిలాడు. తడి కాగితాన్ని తీగ మీద ఆరేశాడు. వెత్తోరె చూడకూడదనుకొంటూనే తల ఎత్తాడు.

వంతెనకు కుడివైపున ఇల్లు ఉంది. మూడు కిటికీలు, పొగగొట్టం, అంతా ఉంది. ఒక్క క్షణం అతనికి కలిగినది ఆనందం తప్ప వేరే పేరు పెట్టదగ్గది కాదు. రాజ్యమంతా కలిసి కూల్చిన ఇల్లు తన కళ్ళెదుట తీగ మీద ఊగుతున్నది. తరువాతి క్షణంలో ఎడమవైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు.

షావుకారు వచ్చి దూరంనుంచే చూశాడు. "వంతెన పక్కనే కదా? ఖాళీ ఉంది కదా? సరే." పెద్ద కాలువకు అవతల పుట్టి పెరిగినవాడు, తాళ్ళ కాలువ ముఖం ఎన్నడూ చూడలేదు. గోడమీది పటంలో ఆ భాగం తీయించి కొత్త అచ్చు అతికించాడు. మిగిలిన పాత కాగితాలలో ఆ భాగమున్న వాటినన్నిటినీ పుస్తకాల అట్టల లోపల అతికించడానికి పంపేశాడు, వాటిలో ఒక్కటీ మిగల్లేదు.

తప్పు దిద్దే దారి వెత్తోరెకు తెలుసు. తెల్లబడ్డ చోట చెక్కను చతురస్రంగా తొలిచి, కొత్త బేరి ముక్క ఒకటి సరేసుతో అతికి, కతరూసా ఇల్లు మళ్ళీ చెక్కాలి, ఆ పక్క ఇల్లు గీకివేయాలి. ఒక పూట పని. ఉలి చేతికి తీసుకొన్నాడు కూడా. 'రేపు' అనుకొన్నాడు. వ్యాకరణం ఆ మాటను అవ్యయాలలో చేర్చింది. అవ్యయమంటే వ్యయం కానిది. ఎంత వాడినా తరగదు. వెత్తోరె దానిని అట్లాగే వాడుకొన్నాడు.

తనకు తాను సమాధానం కూడా చెప్పుకొన్నాడు. కతరూసాకు పోయిందేమిటి? ఆమె ఇల్లు ఇటుకలతో, గచ్చుతో కాలువ ఒడ్డున చెక్కుచెదరకుండా ఉంది. మాకున్నది సిరా ఇల్లు. ఆమెకు ఇటుకలు, మాకు సిరా. రెండూ ఉండకూడదా? పని ముగిశాక గోడమీది పటం ముందు నిలబడేవాడు. అందరిలా వేలు పెట్టేవాడు కాదు, దూరంనుంచి చూసి వెళ్ళిపోయేవాడు. అన్న ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో. ఇల్లు మాత్రం ఉంది. అది అక్కడ ఉన్నంతకాలం ఈ ఊళ్ళో తమవాళ్ళు ఉన్నట్లే అనుకొన్నాడు. దానిని నిలుపుకోవడం తప్ప అతనికి వేరే కోరిక మిగలలేదు.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం దుకాణం గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"ఏరా వెత్తోరే, ఉన్నావా పోయావా?"

కతరూసా. అన్నాళ్ళ తరువాత ఆ గొంతు. అతడు లేచి నిలబడ్డాడు. "ఉన్నానత్తా. రా, కూర్చో."

"కూర్చుంటే లేవలేను. విధవల సత్రానికి పోతున్నానురా. మోకాళ్ళు మెట్లెక్కమంటే మొరాయిస్తున్నాయి. ఇల్లు మఠం వాళ్ళు తీసుకుంటున్నారు, పడగొట్టి కొట్టు కట్టుకుంటారట. నువ్వు ఊరంతా బొమ్మలో చెక్కావంటగా. మా ఇల్లున్న బొమ్మ ఒకటి ఇయ్యి. మంచానికి ఎదురుగా అంటించుకుంటాను. ఇక చూసుకోడానికి నాకు ఇంకేముంది?"

"పటం ఆరు కాగితాలత్తా, గోడంత ఉంటుంది..."

"ఊరంతా నాకెందుకురా? ఊరు నన్నేం ఉద్ధరించిందని? నా ఇల్లున్న ముక్క ఒక్కటి చాలు."

మర దగ్గరనుంచి బియాజో కేకేశాడు. "పక్షి చూసి గీసిందంట అమ్మమ్మా! ఏ పక్షో అడగవేం?"

"మా కప్పుమీద రోజూ రెట్ట వేసే సముద్రపు కాకే అయ్యుంటుంది. దానికైతే మా ఇల్లు నాకన్నా బాగా తెలుసు."

వెత్తోరె ఆ కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. ఇప్పుడు చెప్పాలి అనుకొన్నాడు. చేతులు కాగితం మడతలు సరిచేస్తూ ఉన్నాయి. కతరూసా వంగింది. పొర కమ్మిన కళ్ళు కాగితానికి దాదాపు తాకాయి. వేలు నీళ్ళమీదుగా, ఓడల మీదుగా వెళ్ళి ఒక చిన్న గంటగోపురం దగ్గర ఆగింది.

"ఇదిగో, మా చర్చి. అవునా? అవును. పెళ్ళైన రోజునుంచి ఈ వాకిట్లోంచి బయటికొస్తున్నాను, నాకు చెప్తావా. బయటికి రాగానే ఎదురుగా వంతెన. నా కుడిచేతి వైపు మా ఇల్లు."

వేలు కుడివైపుకు జరిగింది. చర్చి వాకిట్లోంచి బయటికి వచ్చే మనిషి పటం చూసేవాడికి ఎదురుగా నిలబడి ఉంటుంది, ఎదుటి మనిషి కుడిచేయి మనకు ఎడమవైపున పడుతుంది. ఆ సంగతి కతరూసాకు తెలియదు. చాలామందికి తెలియదు. ఆమె వేలు మెనేగో ఇంటి మీద నిలిచింది.

"ఇదే కదరా మా ఇల్లు?"

కాదంటే, మరి మాదేదని అడుగుతుంది. చెప్పాలి. చెబితే ఆ గొంతు వీధి కొస దాకా వినిపిస్తుంది, షావుకారు పరుగెత్తుకొని వస్తాడు, పొద్దు వాలేలోగా ఆ ఇల్లు చెక్కమీద కూడా నేలమట్టమవుతుంది. అవునంటే ఇల్లు ఉంటుంది.

"అవునత్తా."

"కిటికీలు మూడూ చెక్కావే! బంగారు చెయ్యిరా నీది. ఈ మధ్య కిటికీలోంచే మా తాదియో కాలువలోకి దూకేవాడు, నేను చీపురు పట్టుకుని వెంటపడేదాన్ని."

వెత్తోరె ఆ మధ్య కిటికీని చూశాడు. దాని వెనక గదిలో అతని తల్లి పోయింది.

కతరూసా వేలు ఎడమకు జరిగి తెల్లటి చోట ఆగింది. "అయితే ఈ ఖాళీ మీ వాడిదన్నమాట."

"అవును."

కాగితం తడుస్తుందని ఆమె ఉమ్మలేదు. పెదవులు మాత్రం ఆ పని పూర్తి చేశాయి. "బాగా చేశారు. ఇక్కడ కూడా గీకి పారేశారు. నువ్వే గీకావా?"

"నేనే."

"చెయ్యి వణకలేదూ?"

"లేదత్తా."

ఆమె అతని చేయి పట్టుకొంది. మంత్రసాని చేయి, ఇంకా పట్టు తప్పలేదు. "ఇన్నాళ్ళూ నీతో మాట్లాడలేదని ఏమీ అనుకోకురా. ఒక కడుపున పుట్టినవాళ్ళే కదా, వాడి విషం నీలోనూ ఉంటుందని భయపడ్డాను. నా చేత్తో బయటికి తీసినవాళ్ళు ఇద్దరూ అలాంటివాళ్ళే అయితే నేనేమైపోను? ఇప్పుడు మనసు కుదుటపడింది. నువ్వు మంచివాడివి. వాడి గుర్తు లేకుండా చేశావు."

వెత్తోరెకు అనడానికి భాషలో ఉన్నవి రెండే మాటలు, అవును, కాదు. ఒకటి అప్పటికే ఖర్చయిపోయింది.

"ఇంకొక్క పని చెయ్యి నాయనా. సత్రంలో ఆడంగులు నమ్మరు, నాది అంటే నాది అంటారు. దీని మీద నా పేరు రాయి. కప్పు మీదే రాయి, నాకు చదవడం రాదుగాని, నల్లగా కనపడాలి."

అతడు కలం సిరాలో ముంచాడు. కప్పు చిన్నది, అక్షరాలు ఒకదానినొకటి ఒరుసుకొంటూ నిలిచాయి. రాసి, ఊది, కాగితం ఆమె వైపు తిప్పాడు.

"ఏమని రాశావు? చదువు."

"కతరూసా ఇల్లు."

"గట్టిగా చదవరా. చెవులు కూడా పోయాయి నాకు."

మర ఆగింది. బియాజో ఇటు తిరిగి చూస్తున్నాడు. లోపలి గదిలోంచి షావుకారు కూడా తల బయటికి పెట్టాడు. వెత్తోరె కాగితం రెండు చేతులతో పైకెత్తి, దుకాణం అంతటికీ వినిపించేటట్లు చదివాడు.